‘సమాచారం సేకరించబడింది’: సేకరించింది ఎవరు?

తెలుగులో రాసిన సామాజిక శాస్త్ర థీసిస్‌లు నాలుగైదు తిరగేస్తే ఒక వాక్యం మాటిమాటికీ ఎదురవుతుంది: ‘ఎంపిక చేసిన గ్రామంలోని స్త్రీలను కలిసి సమాచారం సేకరించబడింది.’ ఎవరు కలిశారో, ఎవరు సేకరించారో అందులో ఉండదు. నిజానికి తెలుగులో ఇలా మాయం కావడం అంత తేలిక కాదు. మన క్రియలోనే మనిషి ఉంటాడు. ‘వెళ్లాను, అడిగాను, రాసుకున్నాను’ అన్నప్పుడు ‘నేను’ తీసేసినా చివరనున్న ‘ను’ పోదు. అడిగింది ఎవరో అదే చెప్పేస్తుంది. దాన్నీ తుడిచెయ్యాలంటే ‘బడు’ తగిలించాలి. ఇంట్లో ‘అన్నం తినబడింది’ అని ఎవరూ అనరు. అంటే, పేజీలోంచి తప్పుకోవాలంటే పరిశోధకులు పనిగట్టుకుని తమ నోటికి అలవాటు లేని భాషలోకి మారాలి. మనుషుల బతుకు కథల మీద ఆధారపడి రాసేటప్పుడు ఇది కేవలం శైలికి సంబంధించిన విషయం కాదు.

ఎథ్నోగ్రఫీ అంటే ఒక చోటికి వెళ్లి, నెలల తరబడి అక్కడివాళ్ల మధ్య ఉండి, వాళ్ల భాష నేర్చుకుని, చూసిందీ విన్నదీ రాయడం. ఈ పనిలో పరికరం మనిషే. థర్మామీటర్ డాక్టర్ పెట్టినా కాంపౌండర్ పెట్టినా జ్వరం ఒకటే చూపిస్తుంది. డెబ్బై ఏళ్ల పెద్దావిడ మాత్రం తన పెళ్లి సంగతి కోడలికి ఒకలా చెబుతుంది, మనవరాలికి ఒకలా చెబుతుంది, నోట్‌బుక్ పట్టుకుని ఊళ్లోకి కొత్తగా వచ్చిన చదువుకున్న అమ్మాయికి ఇంకోలా చెబుతుంది. మూడూ నిజమే కావచ్చు. ఎవరికి చెప్పిందో తెలియకుండా ఆ మాటల బరువు తూచడం మాత్రం కుదరదు.

ఫీల్డ్‌వర్క్ పద్ధతికి దారి వేసినవాళ్లలో ముందు చెప్పుకునే పేరు బ్రోనిస్లా మలినోవ్‌స్కీ. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో న్యూగినీకి తూర్పున ఉన్న ట్రోబ్రియాండ్ దీవుల్లో పనిచేసి, 1922లో ఆయన వేసిన పుస్తకాన్ని తరాల పాటు విద్యార్థులు చదువుకున్నారు. స్థానికుల కళ్లతో వాళ్ల ప్రపంచాన్ని చూడాలి అన్నది ఆయన నేర్పిన పాఠం. ఆయన 1942లో చనిపోయారు. 1967లో ఆయన భార్య, ఆయన పోలిష్‌లో రాసుకున్న సొంత డైరీలను అచ్చు వేయించారు. వాటి నిండా ఒంటరితనం, జబ్బు భయం, ఇంటి మీద బెంగ, ఆ దీవుల వాళ్ల మీద విసుగు, చులకన మాటలు. పెద్ద దుమారమే రేగింది. ఆ గొడవలో చాలామంది ఆయన మంచివాడా చెడ్డవాడా అన్న దగ్గరే ఆగిపోయారు. అసలు పట్టించుకోవాల్సింది వేరే ఉంది. అదే మనిషి, అదే పని. ఒక పుస్తకంలో దీవుల వాళ్లంతా ఉన్నారు, రచయిత కోపం లేదు. రెండో దాంట్లో కోపమంతా ఉంది, కానీ అది ఎవరూ చదవాలని రాసింది కాదు. ఆ విసుగు ఏ రోజు ఏ ప్రశ్నను ఆపేసిందో, ఏ ఇంటి గడప తొక్కనివ్వలేదో తెలుసుకునే దారి పాఠకులకు లేకుండా పోయింది.

ఆ రోజుల్లో రివాజే అది. నైజీరియాలో టివ్ ప్రజల మధ్య పనిచేసిన లారా బొహానన్ తన లోపల జరిగింది చెప్పాలనుకున్నప్పుడు, 1954లో దాన్ని నవలగా రాసి, అదీ మారుపేరుతో వేశారు. శాస్త్రానికి ఒక పుస్తకం, మనసుకు ఇంకో పుస్తకం.

రెంటినీ ఒకే పుస్తకంలోకి తెచ్చి, అలా తేవడం వల్లే కొత్త సంగతి బయటపెట్టినవాళ్లలో జీన్ బ్రిగ్స్ ఒకరు. 1963లో ఆమె కెనడా ఉత్తర కొసన ఆర్కిటిక్‌లో ఉండే ఉట్కు అనే చిన్న ఇన్యుట్ గుంపు దగ్గరికి వెళ్లారు. ఇనుట్టియాక్ అనే ఆయన ఆమెను కూతురిగా ఇంట్లో పెట్టుకున్నారు. మంచు ఇంట్లో అందరితో పాటే పడుకోవడం, వాళ్లు తినే చేపలే తినడం. అక్కడ కోపం చూపించడం చిన్నపిల్లల లక్షణం. పెద్దయ్యాక ఎవరూ కోపాన్ని బయటపడనివ్వరు. బ్రిగ్స్‌కి మాత్రం కోపం వచ్చేది. చలికి వేళ్లు బిగుసుకుపోయి రాసుకోలేని రోజున, కాసేపు ఒంటరిగా కూర్చునే వీలు లేని రోజున చిరాకు మొహంలో కనిపించేది.

1964 వేసవిలో సరదాగా చేపలు పట్టడానికి బయటి నుంచి తెల్లవాళ్లు వచ్చారు. గుంపు దగ్గర పనికొచ్చే పడవలు రెండే. ఒకటి అడిగి తీసుకెళ్లి పాడుచేసి తెచ్చారు. రెండోది కూడా ఇమ్మన్నారు. ఇద్దరికీ మధ్య మాట అటూ ఇటూ చెప్పేది బ్రిగ్సే. ఆమె ఊరుకోలేకపోయారు. వీళ్ల తిండి ఈ పడవ మీదే ఆధారపడి ఉంది, ఇదీ పోతే వీళ్ల గతేంటని వాళ్ల మీద మండిపడ్డారు. తర్వాత పడవ యజమాని ఇనుట్టియాక్ వైపు తిరిగి, ఇవ్వడం ఇష్టమేనా అని అడిగారు. ఇచ్చెయ్యమన్నారు ఆయన.

ఆ తర్వాత సుమారు మూడు నెలలు ఆమెను దూరం పెట్టారు. తిట్టలేదు, తిండి ఆపలేదు, మర్యాదకు లోటు చెయ్యలేదు. ఆమె గుడారానికి కబుర్లకు రావడం మానేశారు, అంతే. మర్యాద ఎంత నిండుగా ఉందంటే తనను వెలివేశారన్న సంగతి ఆమెకు వెంటనే తెలియనే లేదు. చాలా దూరంలోని స్థావరంలో ఉన్న ఒక ఇన్యుట్ స్నేహితురాలు, ఆమె కోపం తెచ్చుకుంది మీ తరఫునే అని ఉత్తరం రాశాక గానీ పరిస్థితి చక్కబడలేదు.

ఈ ఘట్టాన్ని తీసేసి ‘ఉట్కు సమాజంలో కోపం నిషిద్ధమని గమనించబడింది’ అని రాసి ఉంటే పాఠకులకు దక్కేది ఒక పొడి వాక్యం. నిషేధం ఎలా పనిచేస్తుందో, శిక్ష మర్యాద రూపంలో ఎలా వస్తుందో తెలిసేది కాదు. అక్కడ ఎవరూ కోపం చూపించరు కాబట్టి, చూపిస్తే ఏమవుతుందో బయట నిలబడి చూసే అవకాశమే లేదు. తప్పు చేసినవాళ్లకే అది కనిపిస్తుంది. 1970లో వచ్చిన ఆమె పుస్తకంలో ‘నేను’ ఉన్నది అందుకే. అది ఒప్పుకోలు కోసం రాసింది కాదు, సాక్ష్యం.

మానవశాస్త్రవేత్త రెనాటో రొసాల్డో విషయంలో ఆ సాక్ష్యం చాలా కఠినంగా వచ్చింది. ఫిలిప్పీన్స్‌లోని ఉత్తర లూజాన్ కొండల్లో ఇలోంగోట్ ప్రజల మధ్య ఆయన, భార్య మిషెల్ 1967 నుంచి పనిచేశారు. ఒకప్పుడు మనుషుల తలలు నరికే ఆచారం ఉన్నవాళ్లు వాళ్లు. ఎందుకు నరికేవారంటే పెద్దలు చెప్పే జవాబు ఒక్కటే: అయినవాళ్లు పోతే దుఃఖంలోంచి ఆగ్రహం పుడుతుంది, దాన్ని విసిరేయడానికి ఒక చోటు కావాలి. రొసాల్డోకి ఆ జవాబు చాలలేదు. దాని వెనక ఇచ్చిపుచ్చుకునే లెక్క ఏదో ఉంటుందని సిద్ధాంతాల్లో వెతికారు. 1981 అక్టోబర్ 11న ఇఫుగావో కొండల్లో నడుస్తూ మిషెల్ లోయలో పడి చనిపోయారు. ఆమె శరీరాన్ని చూసినప్పుడు తనలో లేచింది దుఃఖం ఒక్కటే కాదు, ఆగ్రహం కూడా అని ఆయన తర్వాతి వ్యాసంలో రాశారు. పద్నాలుగేళ్లుగా వింటున్న జవాబు పూర్తి జవాబేనని, దాని కింద వెతకాల్సింది ఏమీ లేదని అప్పుడు అర్థమైంది. సొంత గోడులో మునిగిపోయి ఎదుటివాళ్లను మరిచిపోయే ప్రమాదం గురించి కూడా ఆ వ్యాసమే హెచ్చరిస్తుంది.

ఆ ప్రమాదం నిజమైనదే. క్యూబాలో పుట్టి అమెరికాలో పెరిగిన రూత్ బెహార్, మెక్సికోలో వీధి వీధీ తిరిగి సరుకులు అమ్ముకునే ఒక స్త్రీ జీవితాన్ని ఎస్పరాంజా అన్న మారుపేరుతో 1993లో పుస్తకంగా తెచ్చారు. చివర్లో అమెరికా విద్యాసంస్థల్లో నిలదొక్కుకోవడానికి తాను పడ్డ పాట్లను ఎస్పరాంజా పాట్ల పక్కన పెట్టారు. విమర్శలు వచ్చాయి. వాటిలో న్యాయం ఉంది. భర్త చేతి దెబ్బలు, పసిబిడ్డల చావులు చూసిన మనిషి పక్కన ప్రొఫెసర్ ఉద్యోగం టెన్షన్ నిలబడదు. అయినా 1996లో బెహారే ఒక మంచి గీటురాయి ఇచ్చారు: రాసేవాళ్ల సొంత సంగతి వాదానికి అవసరమై ఉండాలి, అది లేకుండా చేరలేని చోటికి పాఠకులను తీసుకెళ్లాలి, అలంకారం కోసం ఉండకూడదు. బ్రిగ్స్ కోపం ఆ గీటురాయి మీద నిలుస్తుంది. బెహార్ చివరి అధ్యాయం అంతగా నిలవదు.

ఇక్కడివరకూ రాసేవాళ్ల గొంతు సంగతి. చెప్పేవాళ్ల గొంతు దగ్గరికి వస్తే చిక్కు ఇంకా పెద్దది.

ఆఫ్రికాలోని కలహారి ఎడారి అంచున, బోట్స్వానాలో, మార్జరీ షోస్టాక్ 1969లో పని మొదలుపెట్టారు. ఇరవై నాలుగేళ్ల వయసు. అక్కడ ‘నీసా’ అన్న మారుపేరుతో మనకు తెలిసిన, యాభై ఏళ్ల కుంగ్ తెగ స్త్రీ తన జీవితమంతా ఆమెకు చెప్పారు. 1981లో పుస్తకం వచ్చింది. మొదట్లోనే నీసా, తన గొంతు ఆ మెషిన్‌లో సరిగ్గా పట్టమంటారు, మాటలు స్పష్టంగా రావాలంటారు. కథ చెప్పేశాక అది ఇసుకలో రాలిపోతుందని, గాలి తీసుకుపోతుందని కూడా ఆమే అంటారు. టేప్‌రికార్డర్‌కి ఎదురుగా కూర్చున్న మనిషికి రికార్డర్ అంటే ఏమిటో షోస్టాక్‌కి తెలిసినంతా తెలుసని ఆ రెండు మాటలే చెబుతాయి.

ఆ పుస్తకంలో మూడు గొంతులున్నాయి. నీసా చెప్పిన కథ, ప్రతి అధ్యాయం ముందూ ఆ సమాజం గురించి శాస్త్రవేత్తగా షోస్టాక్ ఇచ్చే వివరణ, ముందుమాటలోనూ చివరలోనూ ఒక యువతిగా ఆమె చెప్పుకున్న సొంత సంగతులు. మూడూ ఒకదానితో ఒకటి పూర్తిగా కలవవు. కలవకపోవడమే ఆ పుస్తకానికి బలం. వివరణ భాగం ఆ సమాజంలో స్త్రీలకు ఉన్న స్థానాన్ని మెచ్చుకుంటుంటే, కథలో నీసా బిడ్డలందరినీ పోగొట్టుకున్న తల్లి. ఏది నమ్మాలో పాఠకులే తేల్చుకోవాలి. ఒక్క మాట మాత్రం చెప్పాలి. పుట్టుక నుంచి ముసలితనం దాకా వరస కట్టి, మళ్లీ మళ్లీ చెప్పింది తీసేసి, కథను అలా పేర్చింది షోస్టాకే. చెప్పేటప్పుడు ఏ మనిషీ వయసు వరసలో చెప్పరు. తర్వాత షోస్టాక్‌కి కేన్సర్ వచ్చింది. 1989లో ఆమె మళ్లీ కలహారి వెళ్లారు. వైద్యం తెలిసిన నీసా ఆమెకు వైద్యం చేశారు. ఆ రెండో పుస్తకం షోస్టాక్ 1996లో చనిపోయాక, 2000లో వచ్చింది. సాయం కోరి వచ్చింది ఈసారి ప్రశ్నలు అడిగే మనిషి.

ప్రశ్నలు తీసేస్తే ఏమవుతుందో గ్వాటెమాలా మాయన్ ఉద్యమకారిణి రిగోబెర్తా మెంచూ కథలో కనిపిస్తుంది. 1982 జనవరిలో పారిస్‌లో సుమారు వారం పాటు ఆమె చెప్పింది ఎలిసబెత్ బుర్గోస్ అనే మానవశాస్త్రవేత్త రికార్డు చేశారు. 1983లో పుస్తకం వేసేటప్పుడు తన ప్రశ్నలన్నీ తీసేసి, మొత్తాన్ని ఒకే గొంతుగా కుట్టారు. ఆ సంగతి ముందుమాటలో దాచకుండా చెప్పారు కూడా. మెంచూకి 1992లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 1999లో డేవిడ్ స్టోల్ అనే మానవశాస్త్రవేత్త ఆ కథలోని కొన్ని వివరాలు జరిగినట్టు లేవని పుస్తకం రాశారు. పెద్ద గొడవ అయింది. ప్రభుత్వ బలగాల చేతిలో తల్లిని, తండ్రిని పోగొట్టుకుని ప్రవాసంలో ఉన్న యువతి, తన వాళ్లను కాపాడమని లోకానికి మొరపెట్టుకున్న మాట అది. కోర్టు వాంగ్మూలంలా చదివినవాళ్లకు అందులో తప్పులు దొరికాయి. ‘ఇక్కడ బుర్గోస్ ఇది అడిగారు, మెంచూ ఇలా జవాబిచ్చారు’ అని పేజీ మీద ఉంటే, అది ఏ సందర్భంలో, ఎవరిని ఉద్దేశించి వచ్చిన మాటో చదివేవాళ్లకు మొదటి నుంచీ తెలిసేది.

తెలుగులో ఈ పని చేసేవాళ్లకు ఇంకో చిక్కుంది, దాంతో పాటు ఒక సదుపాయమూ ఉంది. ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. తెలంగాణ పల్లెలో ఒక పెద్దావిడ ఇలా అన్నారనుకుందాం: ‘ఏం జెప్పాలె బిడ్డా. నాకు పదేండ్లప్పుడు మా అయ్య నన్ను దొర గడీల వనికి వెట్టిండు. ఆడ మనసొంటోళ్లకు కూసునే జాగ యాడిది?’ థీసిస్‌లో ఇది ఇలా మారుతుంది: ‘నా పదో ఏట మా నాన్న నన్ను దొర గడీలో పనికి పెట్టాడు. అక్కడ మాకు కూర్చునే చోటు ఉండేది కాదు.’ అర్థం మారలేదనిపిస్తుంది. కానీ మూడు సంగతులు పోయాయి. ‘బిడ్డా’ పోయింది, అంటే ఎదుట కూర్చున్న మనిషి పోయారు. ‘జాగ యాడిది’ అన్న ప్రశ్న పోయి నివేదిక మిగిలింది. అన్నిటికన్నా పెద్ద నష్టం, ‘మనసొంటోళ్లకు’ అన్నది ‘మాకు’ అయింది. ఆ ఒక్క మాటలో ఆమె తన ఎదుటి అమ్మాయిని తన మనుషుల్లో కలుపుకుంది. అదే ‘మాసొంటోళ్లకు’ అని ఉంటే, నువ్వు వేరు, మేం వేరు అని గీత గీసినట్టు. ‘బిడ్డా’ బదులు ‘మేడమ్’ అనో ‘దొరసాని’ అనో ఉంటే కథే వేరు. ఇంగ్లిష్‌లో రాస్తే ‘మనం’, ‘మేము’ రెండూ ఒకే మాటలో కలిసిపోతాయి. తెలుగులో రాసేవాళ్లకు ఆ నష్టం తప్పనిసరి కాదు. సాఫు చేసే తొందరలో చేజేతులా తెచ్చుకుంటున్నాం.

క్రియల చివర కూడా చూడాలి. ‘పరిశోధకురాలు అడిగారు, ముసలామె చెప్పింది’ అని రాసే అలవాటు మనకుంది. ‘రు’ ఒకరికి, ‘ది’ ఒకరికి. ఎవరు పెద్దో ఎవరు చిన్నో రాసినవాళ్లు తమకు తెలియకుండానే తేల్చేశారు.

‘మన’ అన్న మాటను తెలిసే వాడిన పుస్తకం తెలుగులో ఉంది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జీవిత కథలను హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పేరుతో తెచ్చింది. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం లాంటి వాళ్లు అందులో మాట్లాడారు. తుపాకులు, దళాలే కాదు, పోరాటం ఆగాక ఇళ్లకు వెళ్లమన్నప్పుడు కలిగిన నొప్పి కూడా చెప్పారు. 1989లో వచ్చిన ఇంగ్లిష్ పుస్తకం పేరుకి అర్థం దాదాపు ‘మేం చరిత్ర సృష్టిస్తూ ఉండేవాళ్లం’ అని. అందులో మాట్లాడేది పోరాడిన స్త్రీలు. తెలుగు పేరులో మాత్రం అడిగినవాళ్లూ చెప్పినవాళ్లూ చదివేవాళ్లూ ఒకే ‘మన’లో ఉన్నారు. తెలియనిదీ మనకే, చరిత్రా మనదే. నగరంలో చదువుకున్న స్త్రీవాదులు, భూమి కోసం గూండాలకు ఎదురు నిలిచిన చాకలి స్త్రీతో కలిసి ‘మన’ అనడం పెద్ద మాటే. ఇద్దరి మధ్య ఉన్న దూరాన్ని అది చెరపలేదు. కానీ ఎవరి కోసం అడుగుతున్నారో అట్ట మీదే చెప్పిన నిజాయితీ అందులో ఉంది.

పాత పరిశోధనలు చదివేటప్పుడు కూడా ఈ ప్రశ్న వేసుకోవాలి. ఉస్మానియా యూనివర్సిటీ బృందంతో మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1951-52లో హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటలో పనిచేశారు. 1955లో వచ్చిన ఆ పుస్తకం భారతీయ గ్రామ అధ్యయనాల్లో మొదటి వరసలోది. సాయుధ పోరాటం విరమించింది కూడా 1951 అక్టోబర్‌లోనే. అలాంటి కాలంలో పట్నం నుంచి వచ్చినవాళ్లకు ఊరివాళ్లు ఏం చెప్పి ఉంటారు, ఏం మింగి ఉంటారు? ఆదిలాబాద్ గోండుల మధ్య 1940ల్లో ఉన్న హైమన్‌డార్ఫ్ సంగతి ఇంకా సూటిగా అడగొచ్చు. కుమ్రం భీము 1940లో జోడేఘాట్‌లో చనిపోయాక నిజాం ప్రభుత్వం పంపగా వచ్చిన పరిశోధకుడు ఆయన. తర్వాత ప్రభుత్వ సలహాదారు అయ్యారు. ఆయన చొరవతో గోండులకు భూమి పట్టాలు వచ్చాయి. ఆయన భార్య బెట్టీ సమాధి ఈనాటికీ మార్లవాయిలో ఉంది, ఊరివాళ్లు ఏటా తలుచుకుంటారు. ఆ ప్రేమ నిజం. అయినా పట్టా ఇప్పించగల మనిషికి చెప్పిన బతుకు కథ, మరొకరికి చెప్పిన కథ ఒకటి కావు. అది గోండుల తప్పూ కాదు, హైమన్‌డార్ఫ్ తప్పూ కాదు. చదివేవాళ్లకు తెలియాల్సిన విషయం, అంతే.

సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ విషయంలో ‘నేను’ అనుకోకుండా వచ్చింది. 1948లో మైసూరు దగ్గరి ఒక పల్లెలో ఆయన ఫీల్డ్‌వర్క్ చేశారు. ఆ ఊరికి ఆయన పెట్టిన మారుపేరు రాంపుర. 18 ఏళ్లుగా సర్దిపెట్టుకున్న నోట్సు మూడు ప్రతులూ 1970 ఏప్రిల్‌లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో పెట్టిన మంటల్లో కాలిపోయాయి. జ్ఞాపకం మీదే రాయమని సోల్ టాక్స్ అనే సాటి శాస్త్రవేత్త సలహా ఇచ్చారు. 1976లో వచ్చిన ఆ పుస్తకంలో మనుషులు పేజీల్లోంచి లేచి వస్తారు. తాను ఊరి పెద్ద గారి ఎద్దులు కట్టేసే ఇంట్లో దిగిన బ్రాహ్మణుణ్ని అని, అందుకే ఊరిని పై కులాల వైపు నుంచే ఎక్కువ చూశానని ఆయనే ఒప్పుకున్నారు.

అలాంటి ఊళ్లలో శ్రీనివాస్ ఎక్కువగా వెళ్లలేని వాడల్లోంచే ఇప్పుడు పరిశోధకులు వస్తున్నారు. తెలుగు నేల మీది యూనివర్సిటీల్లో సొంత కులం మీద, సొంత తండా మీద, సొంత తల్లి బతుకు మీద పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలున్నారు. వాళ్లకు వైవాలో ఎదురయ్యే ప్రశ్న తలకిందులైంది: నీ వాళ్ల గురించి నువ్వే రాస్తే నిష్పాక్షికత ఎక్కడిది? ఊరి పెద్ద ఇంట్లో దిగి రాసిన తరాన్ని ఈ ప్రశ్న ఇంత గట్టిగా ఎవరూ అడగలేదు. 1993లో మానవశాస్త్రవేత్త కిరిన్ నారాయణ్ ఒక వ్యాసంలో చెప్పినట్టు, ‘సొంత మనిషి’ అయిన పరిశోధకులు కూడా పూర్తిగా లోపలివాళ్లు కారు. చదువు, నగరం, వయసు, ఆడా మగా అన్న తేడా కొంత లోపలికీ కొంత బయటికీ లాగుతుంటాయి. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి కూతురు అమ్మను అడుగుతుంది. అమ్మ ‘మనోళ్లు’ అనే మొదలుపెడుతుంది. ఆకలి రోజుల సంగతి వచ్చేసరికి ‘మీ సదువుకున్నోళ్లకు ఇది సమజ్ గాదు తీయ్’ అంటుంది. అక్కడ మాట మారింది, మనిషి జరిగింది. ఆ రికార్డింగును కాగితం మీద పెట్టేటప్పుడు ‘తీయ్’తో సహా ఆ వాక్యం ఉండాలి. దానికి ముందు కూతురు అడిగిన ప్రశ్న కూడా ఉండాలి.